నానోరేణువుల మూత గల రంధ్రయుత సిలికా

నానోరేణువుల మూత గల రంధ్రయుత సిలికా అనునది ఔషధాన్ని తన రంధ్రాలలో దాచుకొని, తగిన ప్రేరణ కలిగినప్పుడు మాత్రమే విడుదల చేయుటకు రూపొందించిన పదార్థం. ఇందులో రెండు భాగాలుంటాయి. మొదటిది సన్నని రంధ్రాలతో నిండిన సిలికా రేణువు. రెండవది ఆ రంధ్రాల ముఖద్వారాలను మూసి ఉంచే మరింత చిన్న రేణువులు. తేనెటీగలు తేనె నిండిన గదులను మైనంతో మూసినట్లే, ఇక్కడ మందు నిండిన రంధ్రాలను నానోరేణువులతో మూస్తారు. ఒక మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగాన్ని నానోమీటరు అంటారు.

అవసరం

నోటి ద్వారా గాని, సూది ద్వారా గాని ఇచ్చిన మందు సాధారణంగా రక్తంలో కలిసి శరీరమంతటా వ్యాపిస్తుంది. క్యాన్సరు మందుల విషయంలో ఇది పెద్ద సమస్య. ఉదాహరణకు డాక్సోరుబిసిన్ అనే మందు క్యాన్సరు కణాలతోపాటు ఆరోగ్యవంతమైన జీవకణాలను కూడా చంపుతుంది. జుట్టు రాలడం, వాంతులు, తెల్లరక్తకణాలు తగ్గడం, గుండె కండరం దెబ్బతినడం దీని దుష్ఫలితాలు. గుండెకు కలిగే హాని వలన ఒక రోగికి జీవితకాలంలో ఇవ్వదగిన మొత్తం మోతాదుకు వైద్యులు పరిమితి పాటిస్తారు. కనుక మందును మోసుకుపోయే రేణువు దారిలో కారకూడదు, గమ్యం చేరాక తప్పక తెరుచుకోవాలి.

నిర్మాణం

2 నుండి 50 నానోమీటర్ల వ్యాసం గల రంధ్రాలున్న పదార్థాలను మీసోపోరస్ పదార్థాలు అంటారు. వీటిలో ప్రసిద్ధమైన ఎంసిఎం-41 అనే సిలికాను అమెరికాకు చెందిన మోబిల్ సంస్థ శాస్త్రజ్ఞులు 1992లో ప్రకటించారు. దీని తయారీలో సబ్బు వంటి గుణం గల అణువులు నీటిలో కడ్డీల ఆకారంలో గుమిగూడతాయి. వాటి చుట్టూ సిలికా గట్టిపడిన తరువాత ఆ అణువులను కాల్చి గాని, కడిగి గాని తొలగిస్తారు. అప్పుడు కడ్డీలున్న చోట ఒకే కొలత గల గొట్టాలు మిగులుతాయి. ఒక గ్రాము ఎంసిఎం-41లోని రంధ్రాల గోడల వైశాల్యం సుమారు 1000 చదరపు మీటర్లు, అనగా దాదాపు పావు ఎకరం. అందువల్ల ఇందులో చాలా మందు పడుతుంది.

2001లో స్పెయిన్ దేశంలో మరియా వాలెట్-రెజి బృందం ఈ రంధ్రాలలో ఐబుప్రోఫెన్ అనే నొప్పి నివారణ మందును నింపి, అది మెల్లగా వెలువడుతుందని చూపింది. కాని ఆ రంధ్రాలకు మూతలు లేవు. ద్రవం తగిలిన వెంటనే మందు కారడం మొదలవుతుంది.

మూత తెరుచుకొను విధానం

2003లో అమెరికాలోని అయోవా స్టేట్ విశ్వవిద్యాలయంలో విక్టర్ లిన్ బృందం కాడ్మియం సల్ఫైడ్ నానోరేణువులను మూతలుగా వాడింది. సిలికా రేణువుల పరిమాణం సుమారు 200 నానోమీటర్లు, రంధ్రాల వ్యాసం సుమారు 2.3 నానోమీటర్లు. ముందుగా రంధ్రాలలో వాంకోమైసిన్ వంటి మందును నింపి, తరువాత మూతలను రసాయన బంధంతో అతికించారు. ఈ బంధంలో రెండు గంధక పరమాణువులు జంటగా ఉంటాయి. వీటిని విడదీసే రసాయనం చేర్చనంత వరకు మందు దాదాపు బయటకు రాలేదు. చేర్చగానే మూతలు ఊడి మందు వెలువడింది.

గంధక బంధాన్ని ఎన్నుకొనడానికి కారణం ఉంది. ఈ బంధాన్ని తెంచగల గ్లూటాథయోన్ అనే పదార్థం రక్తద్రవంలో కంటే జీవకణం లోపల వందల రెట్లు అధికంగా ఉంటుంది. కాబట్టి రక్తంలో మూసి ఉన్న రంధ్రం కణంలోనికి పోయాక తెరుచుకోగలదు.

ఇతర మూతలు

ఇనుప ఆక్సైడు: 2005లో లిన్ బృందమే వాడింది. ఇటువంటి రేణువులను అయస్కాంతంతో కోరిన వైపు ఆకర్షించవచ్చు.

బంగారం: 2007లో ఇదే విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు బంగారు మూతలున్న రేణువులతో పొగాకు మొక్క కణాలలోనికి జన్యువును, దానిని పని చేయించే రసాయనాన్ని కలిపి పంపారు. 2009లో అతినీలలోహిత కాంతి సోకగానే ఊడిపోయే బంగారు మూతలు తయారైనాయి.

జింక్ ఆక్సైడు: 2011లో చైనా శాస్త్రజ్ఞులు వాడారు. జీవకణంలోని ఆమ్ల గుణం గల సంచులలో ఈ మూత కరిగిపోతుంది.

సమస్యలు

మందు విషం నుండి శరీరాన్ని కాపాడవలసిన మూత తానే విషం కారాదు. కాడ్మియం విషపూరిత లోహం కాబట్టి తొలి మూతలు ప్రయోగశాలకే తగినవి. సిలికా క్రమంగా కరిగి సిలిసిక్ ఆమ్లంగా మూత్రంలో పోతుంది. కాని బంగారం అలా కరగదు, కాలేయంలోను, ప్లీహంలోను చేరి నిలిచిపోవచ్చు. అతినీలలోహిత కాంతి చర్మం దాటి లోతుకు పోలేదు. గంధక బంధం కూడా రక్తంలో ఎంతకాలం చెక్కుచెదరక నిలుస్తుందన్నది ముఖ్యమైన ప్రశ్న.

లైపోజోము అనే కొవ్వు పొర సంచిలో నింపిన డాక్సోరుబిసిన్‌కు అమెరికాలో 1995లోనే అనుమతి లభించింది. నానోరేణువుల మూత గల సిలికా మాత్రం ఇంకా పరిశోధన దశలోనే ఉన్నది.