మంచుచరియలు – పర్వతయానం

పెబ్బేరు మీదుగా కర్నూలు వైపు సాగే 44వ నంబరు జాతీయ రహదారి శ్రీనగర్‌లో మొదలై కన్యాకుమారిలో ముగుస్తుంది. ఫాల్గుణ చైత్రాలలో పెబ్బేరు పరిసరాలలో రాళ్లు సైతం సెగలు గక్కుతుండగా, ఇదే దారి ఉత్తరపు కొసన బనిహాల్ కనుమ చుట్టూ కొండలు మంచు కప్పుకొని ఉంటాయి. ఆ మంచు వల్ల రాకపోకలు ఆగిపోకూడదని కనుమ కింద నిర్మించిన జవహర్ సొరంగం 1956లో ప్రారంభమైంది. ఆ సొరంగపు ఉత్తర ద్వారం దగ్గర 2019 ఫిబ్రవరి 7న కొండమీది మంచు ఒక్కపెట్టున జారి, పోలీసు కాపలా కేంద్రాన్ని ముంచివేయగా పలువురు మరణించారు. అంతకు మూడేళ్ల ముందు, 2016 ఫిబ్రవరి 3న సియాచిన్ హిమానీనదంపై ఇటువంటి ప్రమాదానికే పదిమంది సైనికులు బలయ్యారు. వారిలో ఒకరు కర్నూలు జిల్లాకు చెందిన తెలుగు సిపాయి.

ఇట్లా జారిపడే మంచును పత్రికలు తరచుగా ‘హిమపాతం’ అని వ్యవహరిస్తాయి. ఆకాశం నుండి కురిసే మంచుకూ అదే పేరు. రెండింటికీ ఎంతో భేదం ఉన్నది కాబట్టి కొండ నుండి జారేదానిని మంచుచరియ అనడమే సమంజసం.

శీతకాలంలో మంచు విడతలు విడతలుగా కురుస్తుంది. ప్రతి విడతా ఒక పొర. ఈ పొరలన్నీ ఒకదానినొకటి గట్టిగా పట్టుకొని ఉండవు. తీవ్రమైన చలికి అడుగు పొరలోని మంచు చక్కెర పలుకుల వలె మారి పట్టు కోల్పోతుంది. దానిమీద గాలి పేర్చిన గట్టిపలక నిలిచి ఉంటుంది. చూపుకు అది దృఢమైనదే. కాని ఒక్క మనిషి బరువు మోపితే చాలు, అడుగు పొర కుంగి, పలక అంతా ఒకేసారి తెగి లోయలోకి జారుతుంది. ప్రాణనష్టం కలిగించిన ప్రమాదాలలో పదింట తొమ్మిది, మరణించినవారో వారి సహచరులో వేసిన అడుగు వల్ల సంభవించినవే. ఇవి ఎక్కువగా 30 నుండి 45 డిగ్రీల వాలులో జరుగుతాయి. అంతకంటె తక్కువ వాలులో మంచు అరుదుగా మాత్రమే కదులుతుంది. మరీ నిటారైన వాలులో పేరుకొనకముందే కొద్దికొద్దిగా రాలిపోతుంది. మార్కెట్ యార్డులో పోసిన వేరుసెనగ కుప్ప కొంత వాలు వరకే నిలిచి, ఆపైన పోసినదంతా పక్కలకు జారిపోవడం వంటిదే ఇది.

వసంతంలో మరొక ప్రమాదం తోడవుతుంది. పగటి ఎండకు మంచు కరిగి, ఆ నీరు పొరలలోకి ఇంకి వాటి పట్టును సడలిస్తుంది. రాత్రి చలికి తిరిగి గడ్డకట్టి వాలు రాయివలె బిగుస్తుంది. అందువల్ల తెల్లవారుజామున నిర్భయంగా నడిచిన వాలే పొద్దెక్కేసరికి ప్రాణాంతకం కావచ్చు. అనుభవజ్ఞులు చీకటి ఉండగానే తలదీపాలతో బయలుదేరి, ఎండ ముదరకముందే వాలు దిగివస్తారు. రాత్రి మబ్బు పట్టి మంచు గడ్డకట్టకపోయినా, వాన కురిసినా, మంచుముద్దలు వాటంతట అవే దొర్లుతున్నా, అడుగు మోకాలిదాకా దిగబడుతున్నా ఆనాటికి ప్రయాణం మానుకొంటారు.

అల్లసాని పెద్దన మనుచరిత్రలో ప్రవరుడు కాళ్లకు పసరు పూసుకొని హిమాలయానికి పోయి, వింతలు చూస్తూ కాలం మరచి, మధ్యాహ్నవేళ తిరుగుప్రయాణానికి సిద్ధపడతాడు. అప్పటికే మంచునీటికి పసరు కరిగిపోయింది. పెద్దనకు కావలసినది కథలో మలుపే కాని పర్వతయాన శాస్త్రం కాదు. అయినను పొద్దెక్కిన తరువాత మంచును నమ్మరాదన్న సంగతి అక్కడ ఉండనే ఉన్నది.

వేకువ ప్రయాణం అన్నింటికీ మందు కాదు. 2014 ఏప్రిల్ 18న ఎవరెస్టు దక్షిణ మార్గంలోని ఖుంబు హిమప్రపాతంపై మంచుగోడ కూలి పదహారుమంది నేపాలీ కార్మికులు మరణించారు. అది ఉదయం ఏడు గంటలైనా కాని వేళ. మంచుగోడలు కూలడానికి వేళాపాళా లేదు. వాటి నీడలో ఎంత తక్కువసేపు ఉంటే అంత మేలు. భువనగిరి కొండపైన, డార్జిలింగ్‌లోను శిక్షణ పొందిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఆ సంవత్సరమే మే 25న శిఖరం చేరారు. పదహారేళ్లు నిండనివారికి నేపాల్ అనుమతి ఇవ్వదు కనుక పదమూడేళ్ల పూర్ణ ఉన్న ఆ బృందం టిబెట్ వైపు నుండి ఎక్కింది. ఆ దారిలో ఖుంబు తగలదు.

జారుతున్నప్పుడు ధూళివలె కనిపించే మంచు ఆగిన మరుక్షణం సిమెంటువలె బిగుసుకొంటుంది. కూరుకుపోయినవాడు వేలైనా కదల్చలేడు. పది నిమిషాలలో బయటకు తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతారు. అరగంట దాటితే మూడోవంతు మిగలడమే గొప్ప. అంతలో హెలికాప్టరు రాదు, పక్కనున్న స్నేహితుడే రక్షకుడు. కాబట్టి ప్రతివారి వద్దా సంకేతాలు పంపి గ్రహించే ట్రాన్సీవర్ యంత్రం, మంచులో గుచ్చి వెదికే పొడవాటి కడ్డీ, పార ఉండవలె. వాలును గుంపుగా కాక ఒక్కొక్కరే దాటవలె. మిగిలినవారు సురక్షిత స్థలంలో నిలిచి చూస్తుండవలె.

యాత్రికుల కంటె కూలికి వెళ్లినవారి స్థితి వేరు. వారు వేళను, చోటును ఎంచుకొనలేరు. వలస బతుకు తెలిసిన పాలమూరు ప్రజలకు ఇది చెప్పనక్కరలేదు. 2025 ఫిబ్రవరి 28న బదరీనాథ్ సమీపంలోని మాణా వద్ద రహదారి పనివారి శిబిరంపై మంచుచరియ పడింది. ముందునాటి సాయంకాలమే చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ ఆ ప్రాంతానికి హెచ్చరిక జారీచేసింది. చిక్కుకొన్న 54 మందిలో 46 మంది బయటపడ్డారు, 8 మంది మరణించారు. కూలీలు నిద్రించిన ఇనుప కంటెయినర్లలో గాలి నిలిచి ఉండడం వల్లనే అంతమంది దక్కారు.