తెర వెనుక హారను.. ఇంటికొస్తే కీచు!
పాత సినిమా స్పీకర్లను నడిగదిలో లొంగదీసుకునేదెలా?

బళ్ళారి: కౌల్‌బజార్‌లో ఉంటున్న ఆ పెద్దాయన సినిమా హాల్లో ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. హాలు మూతపడ్డాక సామాన్లన్నీ తూకానికి వేస్తుంటే మనసొప్పక తెర వెనుక స్పీకరు ఒకటి కొని ఇంటికి తెచ్చుకున్నారు. కింద బీరువా అంత కొయ్యపెట్టె, దాని మీద లోహపు హారను. నడిగదిలో నిలబెట్టి 'లవకుశ' పాట పెట్టారు. లీల, సుశీల గొంతులు కలిసి పైకి లేచేసరికి ఆయన భార్య లేచి వంటింట్లోకి వెళ్ళిపోయారు.

"మీకది పాటేమో గానీ నాకు రేకు మీద మేకుతో గీకినట్టుంది. గుజరీకన్నా వేయండి, లేదంటే నేను ఇంట్లో లేనప్పుడన్నా పెట్టుకోండి" అని తేల్చి చెప్పేశారు. ముప్పై ఏళ్ళకు పైగా ఊరందరికీ పాట వినిపించిన మనిషికి ఇంట్లో ఒక్కరికి వినిపించడం కష్టమైపోయింది.

హాలుకు చేసింది.. గదిలో పడింది
తప్పు స్పీకరుది కాదు, ఆమె చెవులదీ కాదు. ఈ తరహా స్పీకరు పుట్టిందే పెద్ద హాళ్ళ కోసం. అమెరికాలో 1930లలో ఎంజీఎం స్టూడియోలో షియరర్ హారను తయారైంది. 1945లో ఆల్టెక్ లాన్సింగ్ కంపెనీ 'వాయిస్ ఆఫ్ ది థియేటర్' పేరిట తెచ్చిన స్పీకర్లు ప్రపంచమంతటా పేరు తెచ్చుకున్నాయి. అప్పటి యాంప్లిఫయర్ల శక్తి తక్కువ. కొద్దిపాటి వాట్లతోనే వెనుక బెంచీ దాకా మాట చేరాలంటే హారను తప్పనిసరి.

హాల్లో హారనుకు ముందు చిల్లుల తెర ఉంటుంది. అది పై స్వరాలను కొంత తినేస్తుంది. కూర్చున్న జనం, వాళ్ళ బట్టలు, కుర్చీల మెత్తలు ఇంకొంత పీల్చుకుంటాయి. ఇంట్లో తెర లేదు, జనం లేరు. ఉన్నవల్లా సిమెంటు గోడలు, బండల నేల. శబ్దం వాటికి కొట్టుకుని తిరిగి చెవిలోనే పడుతుంది.

పైగా ఇలాంటి రెండు భాగాల స్పీకర్లలో 500 లేదా 800 హెర్ట్జ్ దాటిన స్వరమంతా హారను నుంచే వస్తుంది. మాటకు స్పష్టతనిచ్చేది ఈ భాగమే. మన చెవి బాగా చురుగ్గా ఉండేది 2 వేల నుంచి 5 వేల హెర్ట్జ్ మధ్య. అక్కడ కాస్త ఎక్కువైనా పొడిచినట్టే ఉంటుంది. వయసుతో చెవులు మందగించిన వారిలో చాలామందికి చిన్న శబ్దం వినబడదు, పెద్ద శబ్దం మాత్రం భరించలేనట్టు ఉంటుంది. పెద్దవాళ్ళు 'గోల' అంటే చాదస్తమని కొట్టిపారేయకూడదు.

ముందు పైసా ఖర్చు లేనివి
పెద్దాయనకు తోడుగా వచ్చింది వీధి చివర రేడియో మెకానిక్కు. "పెద్దాయనా, ఒక్కసారికి ఒక్కటే మారుద్దాం. నాలుగూ కలిపి చేస్తే ఏది పని చేసిందో తెలీదు" అన్నాడతను.

మొదట హారను మూతిని కూర్చునే చోటు నుంచి కాస్త పక్కకు తిప్పారు. హారను ఎటు చూస్తే అటే కీచుదనం ఎక్కువ. కుర్చీని గోడ దగ్గరి నుంచి ముందుకు జరిపి, దాని వెనుక గోడకు పాత బొంత వేలాడదీశారు. నేల మీద జంపఖానా పరిచారు. దాంతోనే సగం గోల తగ్గింది.

తర్వాత యాంప్లిఫయరు ఆపి, హారనుకు వెళ్ళే రెండు తీగలను అటుదిటు మార్చి చూశారు. పెట్టె, హారను కలిసే చోట స్వరం ఒకదాన్నొకటి చంపుకుంటుంటే ఇలా మార్చినప్పుడు తేడా తెలుస్తుంది. గొంతు ఎటు నిండుగా వినిపిస్తే అటే ఉంచాలి.

ఎక్కువైన చోటే తగ్గించాలి
హారను డ్రైవరు కింది వూఫరు కంటే చాలా గట్టిగా పలుకుతుంది. 10 డెసిబెల్లు పెరిగితే చెవికి రెట్టింపు గట్టిగా వినిపిస్తుంది. అందుకే క్రాస్‌ఓవరుకు, హారను డ్రైవరుకు మధ్య 'ఎల్-ప్యాడ్' పెడతారు. డ్రైవరు 16 ఓమ్‌లదైతే వరుసలో 8 ఓమ్‌ల రెసిస్టరు, డ్రైవరుకు సమాంతరంగా 16 ఓమ్‌లది. దీంతో 6 డెసిబెల్లు తగ్గుతాయి. డ్రైవరు 8 ఓమ్‌లదైతే 4, 8 సరిపోతాయి. క్రాస్‌ఓవరుకు లోడు మారదు కాబట్టి మిగతా లెక్క చెడదు.

ఇక హారను గంటలా మోగుతోందా అన్నది చూడాలి. వేలి మెటికతో తడితే 'ఠంగ్'మని సాగిందంటే పాట వెంట అది కూడా మోగుతున్నట్టే. పలుచటి లోహపు హారన్లకు ఇది మామూలు జబ్బు. కార్ల తలుపులకు అంటించే బ్యూటైల్ షీటును హారను బయటివైపు అతికిస్తే 'ఠంగ్' కాస్తా 'టక్' అవుతుంది. లోపలివైపు మాత్రం ఏమీ అంటించకూడదు.

చివరగా క్రాస్‌ఓవర్లోని కెపాసిటర్లు. దశాబ్దాలు గడిచాక, ముఖ్యంగా ఎలక్ట్రోలిటిక్ రకంలో, విలువ తప్పుతుంది. దాంతో స్వరాల పంపకం గాడి తప్పుతుంది. మీటరుతో కొలిచి, తేడా ఉంటే అదే విలువ గల పాలిప్రొపిలీన్ రకం వేయాలి.

ఇవి మాత్రం వద్దు
కీచు తగ్గాలని హారను గొంతులో దూది కుక్కేవారున్నారు. దానివల్ల పై స్వరాలు చచ్చిపోతాయి గానీ పొడిచే మధ్య స్వరం అలాగే ఉంటుంది. పీచు లోపలికి జారితే డయాఫ్రమ్‌కే ముప్పు. డ్రైవరును ఇంట్లో విప్పకూడదు. అయస్కాంతం సందులో ఇనుప రజను చేరితే మళ్ళీ బాగుచేయడం కష్టం. వాల్వు యాంప్లిఫయరు లోపల అసలు చేయి పెట్టొద్దు. స్విచ్చి ఆపినా వందల వోల్టుల కరెంటు కెపాసిటర్లలో నిలిచి ఉంటుంది, ప్రాణం తీస్తుంది.

ఆమె చెవే మీటరు
మనవడు సెల్‌ఫోనులో యాప్ పెట్టి గీతలు చూపించాడు. పెద్దాయన మాత్రం వేరే కొలత పెట్టుకున్నారు. ఒక్కో మార్పు చేశాక అదే పాట పెట్టి, భార్య ఎంతసేపు కూర్చుంటుందో చూసేవారు. మొదట్లో పల్లవి కూడా పూర్తయ్యేది కాదు. బొంత కట్టాక ఒక పాట, ఎల్-ప్యాడ్ వేశాక రెండు. హారనుకు షీటు అంటించిన రోజు ఆమె బియ్యం చాట తెచ్చుకుని అక్కడే కూర్చున్నారు.

"ఇప్పుడు మనిషి పాడినట్టుంది" అన్నారామె, రాళ్ళు ఏరుకుంటూ. ఆ తర్వాత తలెత్తకుండానే, "అయినా కొంచెం తగ్గించండి, ఇది హాలు కాదు" అన్నారు.

పెద్దాయన మారుమాట్లాడకుండా లేచి వాల్యూం తగ్గించారు. స్పీకరును గుజరీకి వేయమన్న మాట మాత్రం ఆ ఇంట్లో మళ్ళీ వినబడలేదు.