అరవై దాటినా మూలుగ మార్పిడి

చెన్నై: నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చి సెంట్రల్‌లో రైలు దిగే తెలుగువారిలో ఎందరి చేతుల్లోనో ఆసుపత్రి ఫైళ్లుంటాయి. ఫైల్లో బ్లడ్ క్యాన్సర్ అని ఉండి, రోగికి అరవై దాటితే ఇంట్లో ముందొచ్చే మాట.. ‘ఈ వయసులో ఇంకెందుకు?’

ఒకప్పుడు డాక్టర్లదీ అదే మాట. భారీ మోతాదు మందులు, రేడియేషన్‌తో రోగి మూలుగను తుడిచిపెట్టి దాత మూలకణాలు ఎక్కించేవారు. పెద్ద వయసు ఒళ్లు ఆ దెబ్బకు తట్టుకునేది కాదు. 1990ల చివర్లో పద్ధతి మారింది. మోతాదు తగ్గించారు. మిగిలిన క్యాన్సర్ కణాల పని దాత కణాలే పడతాయి. రక్తం సరిగా తయారుకాక, కొందరిలో లుకేమియాగా ముదిరే ఎండీఎస్ జబ్బుపై అమెరికాలో 50-75 ఏళ్లవారితో చేసిన అధ్యయనం 2021లో వెలువడింది. దాత దొరికినవారిలో మూడేళ్లకు దాదాపు 48 శాతం బతికున్నారు. దొరకనివారిలో 27 శాతమే. గండం పూర్తిగా గడిచినట్టు మాత్రం కాదు.

చిక్కంతా దాతతోనే. తోబుట్టువు పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతు. పైగా వాళ్లకూ వయసు మీద పడి ఉంటుంది. కొడుకులు, కూతుళ్లయితే సగం ఎలాగూ సరిపోతారు. మార్పిడయ్యాక సైక్లోఫాస్ఫమైడ్ మందు ఇస్తే ఆ సగమూ చాలుతోంది. ఎముక కోస్తారన్న భయం అక్కర్లేదు. నాలుగైదు రోజులు ఇంజెక్షన్లు, తర్వాత కొన్ని గంటలు చేతికి సూది.. చాలావరకు అంతే. బయటి దాతల కోసం చెన్నైలోనే 2009లో మొదలైన ‘దాత్రి’ రిజిస్ట్రీ ఉంది.

మార్పిడి తర్వాత సుమారు వంద రోజులు ఆసుపత్రికి దగ్గర్లో ఉండాలి. తోడు మనిషి కావాలి. అద్దె గదుల ఖర్చు సరేసరి. చెన్నైలో చుట్టాలిల్లు ఉంటే అది సగం వైద్యమే.