జవాబు సరిగ్గా వస్తే చాలదమ్మడూ

అమ్మడూ, నువ్వు పైథాన్‌లో నాలుగు అంకెలతో ఒక లిస్టు రాసి మొదటిది ఇవ్వమంటావు. ఇచ్చేస్తుంది. పదోది అడిగితే అంత పొడుగు లేదని ఇండెక్స్ ఎర్రర్ చూపిస్తుంది గానీ కూలబడదు. ఈ నిబ్బరం దానికి ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించావా? అడుగున పని చేస్తున్నది సి భాష. గిడో వాన్ రోసమ్ 1989 డిసెంబరులో ఆమ్‌స్టర్‌డామ్‌లో పైథాన్‌ను నడిపే ఇంటర్‌ప్రెటర్ రాయడం మొదలుపెట్టి 1991లో బయటికి వదిలాడు. అప్పుడూ సి లోనే, ఇప్పుడూ సి లోనే. అందుకే దాన్ని సీపైథాన్ అంటారు.

సి కి మాత్రం తనంతట అలాంటి నిబ్బరమేమీ లేదు, అది ఇంటర్‌ప్రెటర్ రాసినవాళ్ళు పెట్టిన తనిఖీలది. నాలుగు అంకెలున్న చోట పదోది అడిగితే ఆ పక్క మెమరీలో ఏది పడి ఉంటే అది తెచ్చి చేతిలో పెడుతుంది. లేదంటే ఆపరేటింగ్ సిస్టమ్ అడ్డుపడి సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని ప్రోగ్రామ్ మొత్తాన్నీ ఆపేస్తుంది. నువ్వు రాసుకున్న ట్రై, ఎక్సెప్ట్ ఏవీ అక్కడ పనికిరావు.

పైథాన్ లోపలి వస్తువులను సి నుంచి నేరుగా తాకడానికి కొన్ని వందల ఫంక్షన్లున్నాయి. వాటన్నిటినీ కలిపి సి ఏపీఐ అంటారు. నీ ప్రాజెక్టులో వాడుతున్న నంపై దాని మీదే నిలబడింది. ఆ ఫంక్షన్లను పరీక్షించడం ఎలాగన్నదే ఇవాళ్టి కబురు. ఇంటర్‌ప్రెటర్ పనులన్నిటిలో ఇంతకంటే ఓపిక అడిగేది ఇంకోటి లేదని నా నమ్మకం.

ముందు లెక్క సంగతి చెప్తాను. పైథాన్‌లో ప్రతి వస్తువుకీ ఒక అంకె అంటిపెట్టుకుని ఉంటుంది. దాని పేరు రిఫరెన్స్ కౌంట్. ఆ వస్తువును ఎంతమంది పట్టుకుని ఉన్నారో చెప్పే లెక్క అది. యాత్రాస్థలాల్లో సత్రం చూశావుగా? గుమాస్తా దగ్గర రిజిస్టరు ఉంటుంది. గదిలో దిగినవాళ్ళ పేర్లు రాస్తాడు, వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు కొట్టేస్తాడు. ఆఖరి పేరు కొట్టేయగానే గది ఇంకొకరికి ఇచ్చేస్తాడు. పేరు రాయడానికి ఇంక్‌రెఫ్, కొట్టేయడానికి డెక్‌రెఫ్. నువ్వు పైథాన్‌లో రాసినంతసేపూ ఆ రాతా కొట్టివేతా ఇంటర్‌ప్రెటరే చూసుకుంటుంది. సి లో రాసేవాళ్ళు మాత్రం తమ చేత్తో తామే చూసుకోవాలి.

కొట్టేయడం మర్చిపోతే ఆ గది ఇంకెప్పటికీ ఖాళీ కాదు. మెమరీ లీక్ అంటే అదే. ఒకసారి ఎక్కువ కొట్టేస్తే అంతకంటే ప్రమాదం, లోపల మనిషి ఉండగానే తాళంచెవి ఇంకొకరి చేతికి వెళ్ళిపోతుంది.

పైగా అన్ని ఫంక్షన్లదీ ఒకే పద్ధతి కాదు. పైలిస్ట్ గెట్‌ఐటెమ్ నీకు ఇచ్చేది అరువు రిఫరెన్స్. అంటే రిజిస్టరులో నీ పేరు లేదు, ఇంకొకరి గదిలో కాసేపు కూర్చున్నావంతే. పైలిస్ట్ సెట్‌ఐటెమ్ అయితే నీ పేరు మీదున్న హక్కును తానే తీసేసుకుంటుంది, నువ్వు మళ్ళీ కొట్టేయకూడదు. డిక్షనరీలో పెట్టే పైడిక్ట్ సెట్‌ఐటెమ్ అలా తీసుకోదు, నీ పేరు నువ్వే కొట్టేసుకోవాలి. పేర్లలో పోలిక ఉంది, నడతలో లేదు.

పైథాన్ డాక్యుమెంటేషన్‌లో దీని మీద నిజంగా జరిగిన సంగతి ఒకటి రాశారు. ఒక సి ఫంక్షన్ లిస్టులో సున్నా స్థానంలో ఉన్న వస్తువును అరువు తెచ్చుకుంటుంది. తర్వాత ఒకటో స్థానంలో సున్నా అనే అంకె పెడుతుంది. ఆ తర్వాత అరువు తెచ్చుకున్నదాన్ని ప్రింట్ చేస్తుంది. పైకి చూస్తే తప్పేమీ కనిపించదు. కానీ ఒకటో స్థానంలో అంతకుముందు వేరే వస్తువు ఉండేది కదా? చోటు పోగానే దాని లెక్క సున్నాకి దిగి, అది పోతూ పోతూ తన డెల్ మెథడ్‌ను నడుపుతుంది. ఆ మెథడ్‌లో లిస్టు నుంచి సున్నా స్థానాన్ని తీసేయమని రాసి ఉందనుకో. అరువు తెచ్చుకున్న వస్తువు అప్పటికే లేదు. ప్రింట్ చేయబోయేది మరెవరిదో అయిపోయిన చోటును. పాత పైథాన్‌లో ఇలాంటి తప్పులు ఉండేవట. తన డెల్ మెథడ్లు ఎందుకు విఫలమవుతున్నాయో తెలుసుకోవడానికి ఒకాయన సి డీబగ్గర్ ముందు చాలా కాలం కూర్చోవలసి వచ్చిందట.

ఇప్పుడు చెప్పు, ఆ ఫంక్షన్‌కి మామూలు టెస్ట్ రాస్తే ఏమవుతుంది? మూడు అంకెల లిస్టు ఇస్తావు, ప్రింట్ సరిగ్గా వస్తుంది, టెస్ట్ పాస్. ఎన్నిసార్లు నడిపినా పాసే. నేను నీకు గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే: ఈ చోట జవాబు సరిగ్గా రావడం సగం పరీక్ష కూడా కాదు. జవాబు వచ్చాక లెక్క సరిపోయిందా, పని మధ్యలో ఎవరైనా అడ్డం తిరిగితే ఏమైంది అన్నవి కూడా తేలాలి.

అడ్డం తిరిగే వస్తువులను టెస్టుల కోసం కావాలనే తయారుచేస్తారు. లిస్టులో కౌంట్, ఇండెక్స్, రిమూవ్ అని మూడు మెథడ్లున్నాయి కదా, వాటిలో అచ్చం ఇలాంటి లోపమే చాలా ఏళ్ళు దాగి ఉంది. అంశాలను పోల్చి చూసేటప్పుడు వాటిని తమ పేరున రాసుకోకుండానే పోలిక మెథడ్‌ను పిలిచేవి. బగ్ నంబరు 38610. దానికి రాసిన టెస్ట్ కొద్ది లైన్లే. ఎక్స్ అనే క్లాసు, దాని పోలిక మెథడ్‌ను పిలవగానే అది లిస్టు మొత్తాన్నీ ఖాళీ చేసేస్తుంది. అలాంటి క్లాసు ఎవరు రాస్తారు తాతయ్యా అని నువ్వు అడుగుతావని తెలుసు. బుద్ధిపూర్వకంగా ఎవరూ రాయరు. కానీ పెద్ద ప్రోగ్రాముల్లో ఒక మెథడ్ ఇంకోదాన్ని పిలిచి, అది మరోదాన్ని పిలిచి, చివరికి అదే పని జరిగిపోతుంది.

ఇక ఈ టెస్టులు ఎలా కట్టారో చూడు. సీపైథాన్ సోర్సులో టెస్ట్‌సీఏపీఐ అని ఒక మాడ్యూల్ ఉంది. పరీక్షల కోసమే సి లో రాసింది. అందులో ఒక్కో ఏపీఐ ఫంక్షన్‌కి ఒక్కో పల్చటి రేపర్. అది తన తెలివేమీ వాడదు. ఇచ్చినదాన్ని లోపలికి పంపి, వచ్చినదాన్ని పైథాన్‌కి తిరిగి ఇస్తుంది. అసలు పరీక్షలు పైన పైథాన్‌లో, మామూలు యూనిట్‌టెస్ట్‌తో రాస్తారు. పూర్తిగా సి లోనే రాసిన పరీక్షలు కూడా కొన్ని ఉన్నాయి గానీ, పైథాన్‌లో రాసినవి చదవడం తేలిక, కొత్త ఇన్‌పుట్ చేర్చాలంటే ఒక్క లైను చాలు. ఈ ఏర్పాటే మేలని నేనంటాను.

మరి పైథాన్ నుంచి నల్ పాయింటర్ ఎలా పంపిస్తావు? సి లో ఏ వస్తువునూ చూపని పాయింటర్‌ను నల్ అంటారు, పైథాన్‌లో అదే లేదు. అందుకని రేపర్లలో నలబుల్ అనే చిన్న మాక్రో పెట్టారు. పైనుంచి నన్ వస్తే దాన్ని నల్‌గా మార్చి లోపలికి పంపుతుంది.

పైలిస్ట్ గెట్‌ఐటెమ్ పరీక్షలే తీసుకో. ఉన్న స్థానాలు అడిగి చూడటం మొదటి పని. తర్వాత మైనస్ 1. పైథాన్‌లో అయితే చివరి అంశం వస్తుంది, సి ఏపీఐలో ఇండెక్స్ ఎర్రర్ రావాలి. ఆపైన స్థానం చెప్పడానికి సి వాడే రకం పూర్ణసంఖ్యలో పట్టే అతి చిన్న విలువా, అతి పెద్ద విలువా. లిస్టు ఇవ్వాల్సిన చోట 42 అనే అంకె ఇస్తే సిస్టమ్ ఎర్రర్. ఆఖర్న ఒక కామెంటు, క్రాషెస్ అని, దాని పక్కన నల్‌తో పిలుపు. ఇలా పిలిస్తే ఇంటర్‌ప్రెటర్ కూలుతుందని మాకు తెలుసు, నడపొద్దు అని దాని అర్థం. ఆ కామెంట్లంటే నాకు ఎంతో గౌరవం. హద్దు ఎక్కడుందో రాసిపెడితే తర్వాత వచ్చేవాళ్ళు తడుముకోనక్కర్లేదు. కూలడం ఖాయమని తెలిసీ నడిపి తీరాల్సిన పరీక్షలుంటే, వాటికోసం వేరే ప్రాసెస్‌లో ఇంకో పైథాన్‌ను లేపుతారు. అది కూలినా టెస్టులు నడిపేది క్షేమంగా ఉంటుంది.

లీకుల వేట ఇంకా బాగుంటుంది. పైథాన్‌ను డీబగ్ బిల్డ్‌గా కంపైల్ చేస్తే మొత్తం ఇంటర్‌ప్రెటర్‌లో ఉన్న రిఫరెన్సులన్నిటి కూడిక చూపించే ఫంక్షన్ ఒకటి దొరుకుతుంది. టెస్టులు నడిపే కమాండుకి ఆర్ అనే ఆప్షన్ ఇచ్చి 3:3 అన్నావనుకో, ఒక్కో టెస్టును మొదట మూడుసార్లు క్యాషెలు కుదుటపడటానికి నడిపి, ఆ తర్వాత మూడుసార్లు కూడికలో తేడా చూస్తుంది. 1, 1, 1 అని వస్తే నడిపిన ప్రతిసారీ ఎక్కడో ఒక పేరు కొట్టేయడం మర్చిపోతున్నారన్నమాట.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. 2023లో వచ్చిన 3.12 నుంచి నన్, ట్రూ, ఫాల్స్, మైనస్ 5 నుంచి 256 దాకా ఉన్న అంకెలు చావులేని వస్తువులయ్యాయి. వాటి మీద ఇంక్‌రెఫ్, డెక్‌రెఫ్ చేసినా లెక్క కదలదు. కాబట్టి నీ టెస్టుకి 5 ఇస్తే లెక్క తప్పు ఎంత ఉన్నా బయటపడదు. అప్పటికప్పుడు పుట్టించిన వస్తువునే ఇవ్వాలి.

అసలు తప్పులు దాక్కునేది విఫలమైన దారుల్లో. మూడు వస్తువులు తయారుచేయాల్సిన ఫంక్షన్‌కి రెండయ్యాక మెమరీ చాలలేదనుకో, ఆ రెండిటినీ వదిలిపెట్టి మర్యాదగా వెనక్కి రావాలి. నీ ల్యాప్‌టాప్‌లో అలాంటి సందర్భం దాదాపు రాదు, అందుకే ఎవరూ పరీక్షించరు. టెస్ట్‌సీఏపీఐలో సెట్‌నోమెమరీ అనే ఫంక్షన్ ఉంది. ఎన్నో మెమరీ కోరిక దగ్గర లేదని చెప్పాలో దానికి చెప్తే అక్కడే లేదంటుంది. ఒకటో కోరిక, రెండోది, మూడోది అని వరసగా జరుపుతూ పోతే ఏ మెట్టు దగ్గర కోడ్ తూలుతుందో తెలిసిపోతుంది.

అరువు రిఫరెన్సుల బెడదకి మాత్రం పరీక్షలతోనే సరిపెట్టుకోలేదు. 2024 అక్టోబరులో వచ్చిన 3.13లో పైలిస్ట్ గెట్‌ఐటెమ్‌రెఫ్ అనే కొత్త ఫంక్షన్ చేర్చారు. అది నీ పేరు రిజిస్టరులో రాసే ఇస్తుంది. ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే నడవనిచ్చే జీఐఎల్ అనే తాళం లేకుండా నిజంగా ఒకేసారి నడిచే థ్రెడ్ల పైథాన్ కూడా ప్రయోగంగా అదే వెర్షన్‌తో వచ్చింది. నువ్వు అరువు తెచ్చుకున్న వస్తువును ఇంకో థ్రెడ్ మధ్యలో తీసేయగలిగే చోట అరువును నమ్ముకోవడం ప్రమాదం. పాతది అలాగే ఉంది, దాన్ని వాడే కోడ్ లోకంలో కొల్లలు. కొత్తగా రాసే నువ్వు మాత్రం కొత్తదే వాడు.

ఈ సెలవుల్లో ఒక పని చెయ్యి. సీపైథాన్ సోర్సు అందరికీ అందుబాటులోనే ఉంది. దింపుకుని, కాన్ఫిగర్‌కి విత్‌-పైడీబగ్ అని ఇచ్చి బిల్డ్ చెయ్యి. టెస్ట్ సీఏపీఐ ఫోల్డర్‌లో లిస్టు టెస్టుల ఫైలు మొదలునుంచి చివరిదాకా చదువు. చిన్నదే. తర్వాత ఏదో ఒక రేపర్‌లో నువ్వే ఒక డెక్‌రెఫ్ తీసేసి, మళ్ళీ బిల్డ్ చేసి, 3:3తో నడిపి, ఏ అంకెలు వస్తాయో నాకు ఫోన్ చేసి చెప్పు.