మొదటి వెయ్యి కిలోమీటర్లు

దసరా ముందు రోజుల్లో ఏ ఊళ్లో చూసినా స్కూటర్ షోరూంల దగ్గర ఒకటే సందడి. బండికి పసుపు కుంకుమలు, హ్యాండిల్‌కు బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు. కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి తాళం చేతికిచ్చేస్తారు. ముహూర్తం మించిపోతోందన్న హడావుడిలో ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. ఆ ఇంజన్ తయారీ ఇంకా పూర్తి కాలేదు. ఫ్యాక్టరీలో మిగిలిన చివరి పని కొన్నవాళ్ల చేతుల మీదుగా, రోడ్డు మీదే జరగాలి.

సిలిండర్ లోపలి గోడ అద్దంలా నున్నగా ఉంటుందనుకుంటాం. నిజానికి ఆయిల్ నిలవడానికని దానిమీద కావాలనే సన్నని అడ్డగీతలు గీస్తారు. కక్కు కొట్టించిన కొత్త రుబ్బురోలు లాంటిదే అదీ. కొత్త రోట్లో ముందు ఊకో తవుడో వేసి రుబ్బి, రాతిపొడి పోయాకే మన ఇళ్లలో పప్పు వేస్తారు. ఇంజన్‌లోనూ పిస్టన్ రింగులు ఆ గరుకును కొద్దికొద్దిగా అరగదీస్తూ, తామూ అరుగుతూ గోడకు సరిగ్గా ఆనుకోవాలి. మెకానిక్కులు ‘ఇంజన్ సెట్టవ్వాలి’ అనేది దీన్నే. సెట్టయితే పెట్రోలు మండినప్పుడు పుట్టిన ఒత్తిడి అంతా పిస్టన్‌ను తోస్తుంది. లేకపోతే కొంత గ్యాసు పక్కనుంచి కిందికి జారిపోతుంది, కింది ఆయిల్ పైకి చేరి మండుతుంది. మైలేజీ పడిపోతుంది, సైలెన్సర్ నుంచి నీలిపొగ మొదలవుతుంది.

నలభై దాటకపోతే చాలా?

‘కొత్త బండి, నలభై దాటించకు’ అని పెద్దలు చెబుతారు. ఆ జాగ్రత్త వెనుక వాళ్ల అనుభవం ఉంది. బజాజ్ 1961లో వెస్పాలు తయారు చేయడం మొదలుపెట్టింది, 1972లో చేతక్ తెచ్చింది. మన హైదరాబాద్ ఆల్విన్ పుష్పక్ స్కూటర్లు చేసింది. డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూస్తేగానీ బండి చేతికందని రోజులవి. అవన్నీ టూ స్ట్రోక్ ఇంజన్లు. పెట్రోల్లో కలిపిన ఆయిలే వాటికి ఆధారం. ఆయిల్ తక్కువై, వేగం ఎక్కువైతే పిస్టన్ పట్టేసేది. 2001లో యాక్టివా వచ్చాక ఫోర్ స్ట్రోక్ మన వీధులంతా అల్లుకుంది. 2020 నుంచి బీఎస్6 కాలుష్య నిబంధనలతో ఫ్యూయల్ ఇంజెక్షన్ కూడా వచ్చింది. ఇంజన్ మారింది, సలహా మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆ సలహాలో సగమే నిజం. రింగులను గోడకేసి నొక్కేది వాటి స్ప్రింగు బలం ఒక్కటే కాదు. మండిన గ్యాసు రింగు వెనక్కి చేరి దాన్ని బయటికి తోస్తుంది. అంటే ఇంజన్‌కు కొంత పని చెప్పాలి. రోజంతా ఒకే నెమ్మది వేగంతో నడిపినా, ఇంటి ముందు స్టాండు వేసి ఉత్తినే ఆన్‌లో ఉంచినా ఆ పని జరగదు. అలాగని యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పేస్తే, ఇంకా గరుకుగా ఉన్న భాగాలు ఒరుసుకుని అతిగా వేడెక్కుతాయి. యాక్సిలరేటర్ సగానికి అటూ ఇటూగా, వేగం మారుస్తూ నడపాలి. కాసేపు ముప్పై, కాసేపు నలభై అయిదు, మళ్లీ తక్కువ. బండితో ఇచ్చిన పుస్తకంలో కంపెనీ రాసిన హద్దు ఉంటుంది. ఆ పుస్తకాన్ని చదవకుండా డిక్కీలో పడేయకండి.

హైదరాబాద్‌లో కొన్న బండిని పూజకని యాదగిరిగుట్టకు తీసుకెళ్లే కుటుంబాలు ఎన్నో. ఘట్‌కేసర్ దాటాక వరంగల్ హైవే ఖాళీగా కనిపిస్తే చెయ్యి దానంతటదే తిరుగుతుంది. వెళ్లండి, కానీ బీబీనగర్ దగ్గరో భువనగిరి దగ్గరో ఆగి, టీ తాగి, ఇంజన్‌ను కాస్త చల్లారనివ్వండి. తిరుమల ఘాట్‌కు మాత్రం మొదటి వారాల్లోనే ఇద్దరెక్కి బయల్దేరొద్దనే చెబుతాను. ఎక్కేటప్పుడు ఇంజన్ మీద భారం, దిగేటప్పుడు బ్రేకుల మీద. గేర్లు లేని స్కూటర్‌లో గేరు తగ్గించి బండిని కట్టడి చేసే వీలుండదు. వేగం బాగా తగ్గితే క్లచ్ వదిలేస్తుంది, బండి న్యూట్రల్‌లో ఉన్నట్టే దొర్లిపోతుంది. కొత్త బ్రేకు లైనింగేమో డ్రమ్ముకు పూర్తిగా ఆనడానికి రెండు మూడు వందల కిలోమీటర్లయినా పడుతుంది. కొత్త టైర్ల పైపొర నునుపు కూడా కొన్నాళ్లుంటుంది, వానలో మలుపు తిప్పేటప్పుడు అది గుర్తుండాలి. కరెంటు స్కూటర్‌కు రింగుల గొడవ లేదు గానీ ఈ బ్రేకులు, టైర్ల సంగతి దానికీ వర్తిస్తుంది.

తాళం తీసుకునే ముందు

టైరు పక్కన నాలుగంకెలు చూడండి. మొదటి రెండు అది తయారైన వారం, తర్వాతి రెండు సంవత్సరం. గాలి సంగతి పంక్చర్ షాపు అలవాటుకు వదిలేయకండి. యాక్టివాకైతే ముందు టైరుకు 22, వెనుక టైరుకు ఒక్కరికి 29, ఇద్దరికి 36 పీఎస్‌ఐ. సీటు మీది ప్లాస్టిక్ కవరు జారుతుంది, తీసేయండి. ముందు చక్రం దగ్గర వేలాడే పూలదండను బండి కదలకముందే విప్పాలి, దారం ఇరుసుకు చుట్టుకుంటుంది. వెనుక కూర్చునేవాళ్ల చీర కొంగు, చున్నీ చక్రంలో పడకుండా కాపాడే గార్డు ఉందో లేదో తప్పక చూడండి. అది అలంకారం కాదు, కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ఉండి తీరాల్సింది. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త బండికి థర్డ్ పార్టీ బీమా ఐదేళ్లకు కట్టించుకుంటున్నారు. మీ సొంత బండికి జరిగే నష్టం బీమా చాలాసార్లు ఏడాదికే ఉంటుంది. రెండింటి తేదీలూ విడివిడిగా రాసుకోండి.

ఇక మొదటి సర్వీసు. బండి బాగానే నడుస్తోందిగా, తర్వాత చూద్దాంలే అని దీన్ని వాయిదా వేసేవాళ్లే ఎక్కువ. మొదటి వెయ్యి కిలోమీటర్లలో అరిగిన లోహపు నలుసులన్నీ ఆయిల్‌లోనే తిరుగుతుంటాయి. చాలా 110 సీసీ స్కూటర్లలో కార్లకు ఉండే కాగితపు ఫిల్టరు ఉండదు, జాలీ ఒక్కటే ఉంటుంది. సన్నని నలుసులు దాంట్లోంచి దాటిపోతాయి. పాత ఆయిల్ తీసేయడమే వాటిని బయటికి పంపే దారి. ఇంజన్‌లో పట్టేది లీటరు కూడా కాదు, కాబట్టి అది త్వరగా మురికవుతుంది. కంపెనీ చెప్పిన కిలోమీటర్లు, రోజులు, ఏది ముందొస్తే దానికే వెళ్లండి. సర్వీసు ఫ్రీ అంటే కూలి ఫ్రీ, ఆయిల్‌కు డబ్బు కట్టాల్సిందే. దగ్గరుండి ఆయిల్ మార్పించండి, నట్లు బిగించారో లేదో, బ్రేకు లివర్‌లో ఎంత ఆట ఉందో చూపించమనండి. ఆ తర్వాత కూడా ఒక్కసారిగా వేగం పెంచేయక్కర్లేదు, వారం రోజులు కొంచెంకొంచెంగా పెంచుకుంటూ పోండి. ఇంట్లో బండి నడిపే ప్రతి ఒక్కరికీ ఈ మాట చెప్పండి.