ద్వారకా నగర్‌లో థాయ్ చేతులు, చైనా సూదులు

విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు దిగినవాళ్ళకి ద్వారకా నగర్ ముందు బోర్డుల రూపంలోనే పరిచయమవుతుంది. బ్యాంకు పరీక్షల కోచింగు, రక్తపరీక్షల ల్యాబు, కళ్ళజోళ్ళ షాపు, ఎముకల డాక్టరు. ఈ పేటలోనూ చుట్టుపక్కలా వాటి సందుల్లోంచి ఇప్పుడు ఇంకో రకం బోర్డులు తొంగిచూస్తున్నాయి: థాయ్ మసాజ్, ఫుట్ రిఫ్లెక్సాలజీ, ఆక్యుప్రెషర్, రేకీ.

ఇక్కడ వాటికి గిరాకీ ఎందుకుండదు! ఇచ్ఛాపురం నుంచి బస్సులో కుదేసుకుంటూ వచ్చినవాళ్ళు, పబ్లిక్ లైబ్రరీలో గ్రూప్స్ పుస్తకాల మీద పొద్దస్తమానం మెడ వంచిన కుర్రాళ్ళు, స్టీల్‌ప్లాంట్‌లో నైట్ షిఫ్టు దిగినవాళ్ళు, పోర్టు సరుకు మోసే లారీల డ్రైవర్లు అందరూ తిరిగే చోటిది. ‘మెడ పట్టేసిందండీ’, ‘నడుం లాగేస్తోంది’ అనే మాటలు టీకొట్టు దగ్గర కూడా వినబడతాయి. 2024లో విశాఖ నుంచి బ్యాంకాక్‌కి నేరుగా విమానం పడ్డాక, అక్కడ ఒళ్ళు పట్టించుకుని వచ్చి ఇక్కడ అలాంటిదే వెతుక్కునేవాళ్ళు కూడా తోడయ్యారు.

అలాంటిదే దొరుకుతుందా అన్నది వేరే సంగతి. అసలు సంప్రదాయ థాయ్ మర్దనలో నూనె ఉండదు, ఎత్తు బల్ల ఉండదు. నేల మీద పరుపు, ఒంటి మీద వదులుగా నూలు బట్టలు. పట్టే మనిషి మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు చాచి, భుజబలంతో కాకుండా తన ఒంటి బరువుని మెల్లగా బొటనవేళ్ళ మీదికి దించుతుంది. పాదాల దగ్గర మొదలుపెట్టి పిక్కలు, తొడలు, వీపు మీదుగా పైకి వస్తుంది. మోచెయ్యి, మోకాలు, ఒక్కోసారి అరికాలు కూడా పనిచేస్తాయి. మధ్యమధ్య కాలు మడిచి, నడుం తిప్పి, చేతులు పట్టి వెనక్కి లాగుతుంది. మనం వేయలేని ఆసనాన్ని ఇంకొకరు మన చేత వేయించినట్టుంటుంది. పసుపు, నిమ్మగడ్డి, కర్పూరం కట్టిన మూటని ఆవిరి పట్టి అద్దడమూ ఉంది. మన బాలింతల వావిలాకు స్నానం, ఉప్పుమూట కాపడం ఎరిగినవాళ్ళకి ఇదేం వింత కాదు.

బ్యాంకాక్‌లోని వాట్ ఫో ఆలయంలో మూడో రామ రాజు 1830లలో ఈ విద్యని రాతిపలకల మీద బొమ్మలతో సహా చెక్కించాడు. 1955లో అదే ఆలయంలో బడి వెలిసింది. 2019లో యునెస్కో దీన్ని మానవజాతి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. ఇంతకీ థాయ్‌లాండ్ వాళ్ళు ఈ విద్యకి ఆదిగురువుగా కొలిచేది మనవాణ్ణే! బుద్ధుడికి, మగధ రాజు బింబిసారుడికి వైద్యం చేసిన జీవకుణ్ణి. ఆయన అక్కడికి వెళ్ళాడనడానికి ఆధారాల్లేవు. అయినా తొట్లకొండ, బావికొండ బౌద్ధారామాలున్న ఊళ్ళో జీవకుడి పేరు మరీ పరాయిది కాదు. ఆ బోర్డుల కింద ఆయన బొమ్మ ఒకటి పెట్టుకున్నా బాగుండును.

ఇక చైనా సూదులు మన దేశానికి కలకత్తా మీదుగా వచ్చాయి. 1938లో చైనాకి వెళ్ళిన అయిదుగురు భారతీయ వైద్యుల్లో కోట్నిస్ 1942లో అక్కడే కన్నుమూశారు. తిరిగొచ్చిన బిజయ్ కుమార్ బసు తర్వాత మళ్ళీ వెళ్ళి సూది వైద్యం, అంటే ఆక్యుపంక్చర్, నేర్చుకుని, 1959లో కలకత్తాలో మొదలుపెట్టారు. కేంద్ర ప్రభుత్వం ఆక్యుపంక్చర్‌ని ఒక చికిత్సా విధానంగా గుర్తించింది 2003లో. అదే చైనా పేరుతో చెలామణీ అయ్యే పాదాల పటం ఉంది చూశారూ, బొటనవేలి దగ్గర తల, పాదం ఉబ్బు దగ్గర ఊపిరితిత్తులు గీసి గోడకి తగిలిస్తారే, దాన్ని 1930లలో దిద్దితీర్చింది యూనిస్ ఇంగమ్ అనే అమెరికా ఆవిడ. పాదం పిసికితే హాయే. పిసికినంత మాత్రాన కాలేయం బాగుపడదు.

చేతుల్లోంచి శక్తి పంపి నయం చేస్తామనే ‘ఎనర్జీ హీలింగ్’ దగ్గర నాకు పేచీ ఉంది. రేకీ 1922లో జపాన్‌లో ఉసుయి మొదలుపెట్టినది. ప్రాణిక్ హీలింగ్ ఫిలిప్పీన్స్‌కి చెందిన చైనా మూలాల ఇంజనీరు చోవా కోక్ సూయి 1987లో పుస్తకంగా తెచ్చినది. రెండూ అనాదివి కావు. ఆశీల్‌మెట్ట సంపత్ వినాయగర్ గుడి ముందు కొత్త కారుకి నిమ్మకాయలు తొక్కించే ఊరివాళ్ళం, కనబడని శక్తి అంటే మనకి కొట్టిపారేసే అలవాటు లేదు. కానీ పరీక్ష పరీక్షే. ఇలాంటిదే ఇంకో పద్ధతి సాధకులని తెర వెనక కూర్చోబెట్టి, తన చెయ్యి తాకకుండా వాళ్ళ ఏ చేతికి దగ్గరగా ఉందో చెప్పమంది ఎమిలీ రోసా అనే తొమ్మిదేళ్ళ అమెరికా పిల్ల. 280 ప్రయత్నాల్లో సరిగ్గా చెప్పింది 123. బొమ్మా బొరుసూ వేసినా అంతకన్నా మెరుగే. 1998లో ఇది అమెరికా వైద్య సంఘం పత్రికలో అచ్చయింది. మనసు కుదుటపడితే పడవచ్చు, కాదనను. షుగరు మాత్రలు మానేయమంటే మాత్రం లేచి వచ్చేయాలి.

స్పా అనగానే జనం ముఖం అదోలా పెట్టడానికి పోలీసు దాడుల వార్తలు కారణం. దాని దెబ్బ నిజంగా పని నేర్చుకుని, పూటంతా నేల మీద మోకాళ్ళరిగేలా పనిచేసే ఆడపిల్లల మీద పడుతోంది. వాళ్ళ విద్యకి తగ్గ గౌరవం మనం ఇంకా ఇవ్వలేదు.

నడుంనొప్పికి మర్దన కొద్దికాలం ఉపశమనం ఇస్తుందనడానికి అధ్యయనాలున్నాయి. అంతవరకు నిశ్చింతగా వెళ్ళండి. పడుకోబోయే ముందు ఎక్కడ నేర్చుకున్నారు, ఎన్నాళ్ళు నేర్చుకున్నారు అని అడగండి. మెడ ఠపీమని తిప్పి విరుస్తామంటే వద్దనండి, మెడలోని రక్తనాళం చిరిగి పక్షవాతం వచ్చే ప్రమాదం అరుదైనా ఉంది. గర్భిణులు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళు, కాల్లో రక్తం గడ్డకట్టినవాళ్ళు ముందు డాక్టరుని అడగాలి. నొప్పి నడుం నుంచి కాల్లోకి పాకి తిమ్మిరెక్కుతుంటే మాత్రం ఏ మర్దన జోలికీ పోకుండా తిన్నగా కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) ఎముకల విభాగానికి వెళ్ళండి.