బ్యాలే క్లాసులో పిక్కలు వణుకుతాయ్ బాస్!

రియో ఫెర్డినాండ్ తెలుసుగా? మాంచెస్టర్ యునైటెడ్‌కు గోడలా నిలబడ్డ డిఫెండర్. చిన్నప్పుడు లండన్‌లో స్కాలర్‌షిప్ మీద బ్యాలే నేర్చుకున్నాడు. అమెరికన్ ఫుట్‌బాల్ స్టార్ లిన్ స్వాన్ కూడా అంతే. 1976 సూపర్ బౌల్‌లో 4 క్యాచ్‌లతోనే 161 గజాలు రాబట్టి బెస్ట్ ప్లేయర్ అయ్యాడు.

జిమ్‌లో వంద కిలోల స్క్వాట్ కొట్టేవాళ్లకు ‘డాన్సేగా’ అనిపిస్తుంది. క్లాసులో సగం టైమ్ గోడవారగా ఉండే కడ్డీ పట్టుకునే గడిచిపోతుంది. ప్లియే అంటే మోకాళ్లు వంచడం, అంతే! కానీ వెన్ను నిటారుగా ఉండాలి, సగం వంగేదాకా మడమ లేవకూడదు, పియానో తాళానికి మెల్లగా దిగాలి. తర్వాత మునివేళ్ల మీద లేవడం. కాసేపటికే పిక్కలు వణుకుతాయి. రన్నర్లకు తొడ వెనక కండరాలు బిగుసుకుని ఉంటాయి కదా, కాలు నడుము దాకా కూడా లేవదు. పక్కనున్న ఆంటీ మాత్రం హాయిగా లేపేస్తుంది. ఈగో ఇంట్లో పెట్టి వెళ్లండి.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. పాదాలు బయటికి తిరగాలంటే తుంటి నుంచే తిరగాలి. మోకాళ్లు మెలిపెట్టారో, గాయమే.

టైట్స్ భయం వద్దు, చాలాచోట్ల టీషర్ట్, షార్ట్స్, మెత్తటి షూ చాలు. గెంతులు చివర్లో వస్తాయి. ఎత్తు ఎగరడం మీకు కొత్తేం కాదు. చప్పుడు లేకుండా దిగమంటారు చూడండి, అసలు కష్టం అక్కడే.